మూడో చౌకీలో ఆడపడుచు వాటా

మా మరిది పేరు నేను నోటితో పలకకూడదు. మొగుడి కంటే చిన్నవాళ్ళైన మగవాళ్ళకి ఈ ఊరి కోడలు తనే ఒక పేరు పెట్టుకుని ఆ పేరుతోనే పిలవాలి. రాయడానికి మాత్రం అడ్డం లేదు కాబట్టి రాస్తున్నాను. ఒరాజ్‌బెక్, మా ఆయన చిన్నాన్న బెయ్‌సెన్ కొడుకు, యాభై ఎనిమిదేళ్ళు, మూడో చౌకీ గార్డు. నేను పెట్టిన పేరు ఒంటె. తిన్నది నిదానంగా నములుతాడు, పట్టిన పట్టు విడవడు, దాహంతో చస్తున్నా నోరు తెరిచి నీళ్ళు అడగడు. ఇంకేం పేరు పెట్టమంటారు?

నా ఉద్యోగం అడవి జంతువుల పార్కు ఆఫీసులో. కిటికీ దగ్గర కూర్చుని, చూడవచ్చినవాళ్ళకి పర్మిట్లు రాస్తాను. పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి వైర్‌లెస్ సెట్టులో నాలుగు చౌకీలనూ వరసగా పిలుస్తాను. బటన్ నొక్కితే నా మాట వెళ్తుంది, వదిలితే వాళ్ళ మాట వస్తుంది, రెండూ ఒకేసారి కుదరవు. ఒకరు మాట్లాడేది నలుగురికీ వినిపిస్తుంది. అందుకని ఈ సెట్టులో ఎవరూ కడుపులో మాట చెప్పరు. ఎన్ని జింకలు, ఎన్ని అడవి గాడిదలు, ఊటలో నీళ్ళెంత, ఎవరైనా వచ్చారా. అంతే.

ఇరవై రెండేళ్ళుగా నేను మా మరిదిని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. మూడో చౌకీకి నూట పది కిలోమీటర్లు. మధ్యలో ఊరు లేదు, చెట్టు లేదు, ఫోను సిగ్నల్ లేదు. చేదు పొదలు, రాళ్ళు, వానొస్తే తప్ప తడి తెలియని రెండు వాగులు. నెలకోసారి మా ఆయన నీళ్ళ లారీ తోలుకుని వెళ్ళి, పిండీ టీపొడీ దింపి వస్తాడు. మిగతా రోజులన్నీ అతను ఒక్కడే. సోలార్ పలక కింద పాత లారీ బ్యాటరీ ఒకటుంది, దాని మీదే సెట్టు నడవాలి. అందుకని నాలుగు ముక్కలు చెప్పి టప్పున కట్టేసేవాడు. ఆ నాలుగు ముక్కల్లో గొంతు ఎలా ఉందో విని, జ్వరమా, కోపమా, మామూలేనా అని నేను పోల్చుకునేదాన్ని.

ఆ చౌకీ నిజానికి వాళ్ళ నాన్న ఇల్లు. బెయ్‌సెన్ మామ సర్కారు ఫారం గొర్రెలు కాసేవాడు. ఊట పక్కన మట్టి ఇటుకలతో రెండు గదులు కట్టాడు. ఫారం పోయింది, గొర్రెలు పోయాయి, తర్వాత పార్కు వచ్చి చుట్టూ గీత గీసింది. ఇల్లు గీత లోపల పడింది. గొర్రెలు కాసినవాడి కొడుక్కే అడవి గాడిదల లెక్క అప్పజెప్పారు. ముందు గదిలో నాలుగు ఇనప మంచాలు వేసి, చూడవచ్చినవాళ్ళు దిగే గది అని బోర్డు రాశారు. ఉల్జాన్ పుట్టింది ఆ గదిలోనే.

ఉల్జాన్ అతని చెల్లెలు. పదహారేళ్ళ చిన్నది. దాన్ని కని వాళ్ళమ్మ ఆర్నెల్లకే పోయింది. మేకపాలు పట్టింది, నడక నేర్పింది, బడి ఉన్న ఊరికి గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది అంతా అన్నే. మధ్యలో అతనికి పెళ్ళి కూడా అయింది. ఆ పిల్ల రెండు చలికాలాలు ఆ గాలికి ఓర్చుకుంది. మూడో ఏడు పన్ను నొప్పి అని నీళ్ళ లారీలో కిందికి వచ్చి మళ్ళీ వెళ్ళలేదు. ఆర్నెల్ల తర్వాత నేనే అడిగాను, వెళ్ళి తెచ్చుకోవా అని. పన్ను ఇంకా తగ్గలేదేమో వదినా, అన్నాడు. ఆ తర్వాత నాకు అడగడానికి నోరు రాలేదు.

ఉల్జాన్ పట్నంలో చదివి, అక్కడే ఒక అబ్బాయిని ఇష్టపడింది. మంచివాడే. కానీ ఇద్దరి తాతల పేర్లూ లెక్కపెట్టుకుంటూ పైకి పోతే ఆరో తరంలో ఒకే మనిషి దగ్గర కలిశాయి. ఏడు తరాల లోపల పెళ్ళంటే మాకు అన్నాచెల్లెళ్ళ పెళ్ళే. పెద్దలు కూర్చున్నారు. అప్పటికి బెయ్‌సెన్ మామ లేడు కాబట్టి ఇంటి మగవాడుగా ఒరాజ్‌బెక్ లేచి మాట చెప్పాలి. నేను అప్పుడు ఆ వాకిట్లోనే టీ పోస్తున్నాను. అతను లేచి, టోపీ చేతిలో పట్టుకుని, ఈ ఇంట్లో దానికి వాటా లేదు అన్నాడు. ఆ ఒక్క మాటే. ఉల్జాన్ మారుమాట్లాడకుండా సంచీ తీసుకుని బస్సెక్కింది. అది జరిగి ఈ ఏటికి పంతొమ్మిదేళ్ళు.

మాకు చలికాలం మొదట్లో గుర్రాన్ని కోస్తారు. ఆ మాంసం ఉప్పు పెట్టి, గాలికి ఆరేసి, వసంతం దాకా తింటాం. అందులో దూరంగా ఉన్నవాళ్ళ వాటా తీసి పక్కన పెట్టాలి. అత్తారింట్లో ఉన్న ఆడపడుచుకి రొమ్ము ముక్క. ఆమె వచ్చి పుట్టింటి పొయ్యి దగ్గర కూర్చుని తింటే ఆ ఇల్లు నిండినట్టు.

ఆ గొడవ అయిన మూడో చలికాలం నేను మా ఆయనతో లారీలో చౌకీకి వెళ్ళాను. పిండి బస్తా పెట్టడానికి వెనక కొట్లోకి పోతే, దూలానికి ఒక రొమ్ము ముక్క వేలాడుతోంది. దానికి నీలం గుడ్డముక్క కట్టి ఉంది. ఆ గుడ్డ ఉల్జాన్ బడికి కట్టుకున్న తలగుడ్డదని చూడగానే తెలిసింది. నేను వెనక్కి తిరిగితే గుమ్మంలో నిలబడి ఉన్నాడు, దొంగతనంలో పట్టుబడినవాడల్లే.

"ఇదేంటి ఒంటె మరిదీ, వాటా లేదన్నావుగా?"

"నోరు అన్నది వదినా. చెయ్యి తీసి పెట్టింది."

ఓరి మొండి మనిషీ, ఆ ముక్క పెద్దల ముందు అనలేకపోయావా, సరే, ఇప్పుడైనా కబురు పెట్టు, లేకపోతే నేను పెడతాను అన్నాను. అతను రొట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. రొట్టె పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు, ఈ సంగతి దానికి చెప్పనని. కబురు పెడితే అది పిలుపు అవుతుంది, వాటా కాదు. నాకు వాటా ఉంది అని దానికే అనిపించి రావాలి. ఇదీ అతని వాదన. వినడానికి బాగానే ఉంది. పంతొమ్మిదేళ్ళు మోయడానికి బాగా లేదు.

ప్రతి ఏడూ మే నెల మధ్యలో ఎండ ముదిరేది. ఇక మాంసం నిలవదు. ఏదో ఒక సాయంత్రం ఆరింటికి, జింకల లెక్క చెప్పి, ఊట లెక్క చెప్పి, చివర్లో అనేవాడు, చలికాలపు మాంసం అయిపోయింది వదినా అని. మిగతా మూడు చౌకీలవాళ్ళకి అది తిండి కబురు. నాకు మాత్రం తెలుసు, ఆ రోజు అతను నీలం గుడ్డ విప్పి, ఆ ముక్క ఉడకేసుకుని, ఒక్కడే కూర్చుని చెల్లెలి వాటా తిన్నాడని. విన్నాను అని చెప్పి నేను సెట్టు కట్టేసేదాన్ని. ఆ పూట నాకు ఇంట్లో వంట చేయబుద్ధయ్యేది కాదు.

పోయిన ఏడాది నుంచి అతని లెక్కలు మారాయి. పూర్వం పదిహేడు గాడిదలు, వాటిలో ఒకటి ముందుకాలు కుంటుతోంది, రెండు చూలువి అని చెప్పే మనిషి, ఓ ఇరవై ఉంటాయి, ఓ ముప్పై ఉంటాయి అనడం మొదలుపెట్టాడు. లెక్కలన్నీ సున్నాలతో ముగుస్తుంటే నాకు అనుమానం వచ్చింది. లారీలో వెళ్ళి చూస్తే రెండు కళ్ళలోనూ తెల్లగా పొర. నా మొహం వైపు కాక నా గొంతు వైపు చూసి మాట్లాడుతున్నాడు. ఆఫీసుకి తెలిస్తే కిందికి దింపేస్తారు, ఎవరికీ చెప్పకు వదినా అని మళ్ళీ రొట్టె తెచ్చాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఒట్టు వేశాను. అందరి రహస్యాలూ మోయడానికి నేనేమన్నా గాడిదనా అని దారి పొడుగునా మా ఆయన్ని తిట్టాను, ఆయన చేసిన పాపం ఏమీ లేకపోయినా.

ఇక ఈ ఏప్రిల్ సంగతి.

గసగసాల పువ్వులు విచ్చే రోజులు. అప్పుడు పట్నం నుంచి జనం వస్తారు. ఒక పొద్దున మినీబస్సు ఆగింది. ఐదుగురు. ఎర్ర కొండలు చూడాలి, ఇసుక జారితే పాట పాడినట్టు మోగే దిబ్బ ఎక్కాలి, ఒక రాత్రి మూడో చౌకీలో ఉండాలి. ఫారాలు ఇచ్చాను. ఐదో ఫారం నింపి ఇచ్చినావిడ నల్లద్దాలు పెట్టుకుని ఉంది, జుట్టు కత్తిరించుకుంది, నలభై దాటిన మనిషి. తండ్రి పేరు చోట బెయ్‌సెన్ అని ఉంది. వచ్చిన పని అనే చోట, చూసి వెళ్ళడానికి అని రాసి ఉంది.

నేను తల ఎత్తాను. ఆవిడ అద్దాలు తీసింది. వయసు వచ్చిన మొహంలో ఆ కళ్ళు మాత్రం అవే. వదినా, అంది. కిటికీలోంచే చెయ్యి పట్టుకున్నాను. మా ఆయన పోయాడు వదినా, పోయిన శరత్తులో, అంది. పిల్లలు కలగలేదట. ఎవరి కోసం ఇంటిని వదులుకుందో ఆ మనిషే లేడు. ఈ క్షణమే సెట్టు పెట్టి మీ అన్నకి చెబుతాను ఉండు అన్నాను.

"వద్దు వదినా. ఆరోజు నన్ను కాదన్నది తనే. చూసి, నా చెల్లి అని తనే అనాలి. అంటే ఉండిపోతాను. అనకపోతే, చూడ్డానికొచ్చినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. చూసి పోతాను."

నా బల్ల మీద మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె ఉంది. దాని మీద నా చెయ్యి పెట్టి తన చెయ్యి పెట్టింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే పిండితో చేసినవాళ్ళు, వాళ్ళ మధ్య నలిగేది నేను. అతని కళ్ళ సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. మీ అన్నకి సరిగ్గా కనిపించదే, ఆ ఒక్క మాట. పాత ఒట్టు గుర్తొచ్చి మింగేశాను. ఈ జన్మలో నేను చేసిన తెలివితక్కువ పని ఏదంటే అదే. గొంతు వినగానే పోల్చుకుంటాడులే, పెంచినవాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని ముద్ర కొట్టి ఇచ్చాను.

ఆ సాయంత్రం ఆరింటికి అందరికంటే ముందు మూడో చౌకీని పిలిచాను. ఐదుగురు దిగారు వదినా, ఇసుక దిబ్బ ఎక్కారట, బాగా పాడిందట అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. ఇంకేమీ లేదా అన్నాను. గాడిదలు ఓ ఇరవై అన్నాడు.

ఆ రాత్రి ఏడాదికోసారి పడే వాన పడింది. పొద్దునకి రెండు వాగులూ నిండిపోయాయి. మినీబస్సు కదలడానికి లేదు. మా ఆయన లారీ ఇవతలే ఆగిపోయింది. వాళ్ళు తెచ్చుకున్న డబ్బా కూరలు రెండో రోజుకే అయిపోయాయని సెట్టులో చెప్పాడు. నా దగ్గర పిండీ, ఎండు పెరుగు ఉండలూ ఉన్నాయి, చూసుకుంటాను అన్నాడు. తర్వాత ఒక మాట అన్నాడు. వచ్చినవాళ్ళలో ఒకావిడ తనంతట తనే నీళ్ళు మరిగే సమవార్ దగ్గర కూర్చుని అందరికీ టీ పోసింది వదినా, గిన్నె సగానికే పోసింది, పట్నంవాళ్ళకి అది తెలియదు కదా.

అతను బ్యాటరీ ఖర్చుపెట్టి జింకలూ నీళ్ళూ కాని మాట చెప్పడం ఇన్నేళ్ళలోనూ వినలేదు నేను. గిన్నె నిండా పోస్తే తాగి వెళ్ళిపొమ్మని అర్థం, సగం పోస్తే ఇంకాసేపు కూర్చో అని. ఆనవాలు అందుకుంటున్నాడు, ఇంకొక్క అడుగు అనుకున్నాను. ఆ రాత్రి మా ఆయనతో, రేపటికి తెలిసిపోతుంది చూడు అని పందెం కాశాను.

మూడో రోజు సాయంత్రం వాగులు తగ్గుతున్నాయి, రేపు పొద్దున బయల్దేరతారు అన్నాడు. ఆగి, చలికాలపు మాంసం అయిపోయింది వదినా అన్నాడు.

మే నెల మధ్యకి ఇంకా మూడు వారాలుంది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. అయిపోయింది, పోల్చుకున్నాడు, దూలం మీంచి వాటా దింపి చెల్లెలికి పెట్టాడు, పంతొమ్మిదేళ్ళ పీడ వదిలింది. సెట్టులో ఏమీ అడగలేదు, నలుగురూ వింటారని. ఇంటికి పోయి పిండి పిసికి, నూనెలో ముద్దలు వేయించి పెట్టుకున్నాను, ఆడపడుచు దిగగానే పెట్టాలని. పాట కూడా పాడానని మా ఆయన తర్వాత చెప్పాడు.

మర్నాడు నాలుగింటికి మినీబస్సు వచ్చింది. మూకుడు పట్టుకుని బయటికి పరిగెత్తాను. నలుగురు దిగి కాళ్ళు చాపుకున్నారు. ఉల్జాన్ చివర్లో దిగి, పర్మిట్ తెచ్చి కిటికీ అరుగు మీద పెట్టింది. నల్లద్దాలు తియ్యలేదు.

"ఏమే, ఉండిపోలేదా?"

"ఎవరి దగ్గర ఉండిపోను వదినా? మూడు రోజులు కళ్ళెదురుగా కూర్చున్నా, తనే ముందు పలకాలని నోరు విప్పకుండా. నా మీదుగా గోడ చూశాడు."

మిగతాది అక్కడే నిలబడి చెప్పింది. నిన్న పిండి రేకుల మీద మాంసం వండి పెట్టాడట. అందరిలోకి పెద్దాయనకి లోపలి గోడ దగ్గర మర్యాద చోటు చూపించాడట, మా ఆచారంలో ఇంటికొచ్చిన అతిథుల్ని పేరూ ఊరూ అడగడం ఎలాగూ లేదు కదా. ముక్కలు పంచుతూ, ఈమె దగ్గరికొచ్చి పళ్ళెంలో రొమ్ము ముక్క పెట్టాడట. పక్కనున్నవాళ్ళు ఎందుకలా అని అడిగితే, ఈవిడా ఏదో ఇంటి ఆడపడుచే కదా అన్నాడట.

"ఏదో ఇంటి ఆడపడుచు. విన్నావా వదినా. ఎవరొచ్చినా అదే పెడతాడు కాబోలు. నేను తిన్నది ఎవరి ముక్కో."

అది నీదే అని అరవాలని ఉంది నాకు. పంతొమ్మిది చలికాలాలు నీ తలగుడ్డ కట్టి నీ కోసమే వేలాడదీశాడే, కళ్ళు లేవే వాడికి అనాలని ఉంది. ఒక పక్క ఈ ఒట్టు, ఒక పక్క ఆ ఒట్టు, మూడు రొట్టెలూ ఒకేసారి గొంతుకి అడ్డం పడ్డాయి. ఆరింటి దాకా ఆగు, సెట్టు మాట్లాడుతుంది, అంత వరకూ ఆగు అని మాత్రం అన్నాను. డ్రైవరు హారను కొడుతున్నాడు, పట్నం చేరడానికి ఇంకా నాలుగు గంటలు. ఉల్జాన్ మూకుట్లోంచి ఒక ముద్ద తీసుకుని, మర్యాదకి కొరికి, బస్సెక్కింది. ధూళి లేచి, మళ్ళీ కూర్చుంది. నా చేతిలో మూకుడు అలాగే ఉంది.

కిటికీ వెనక్కి పోయి కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వాళ్ళిద్దరికీ పౌరుషం ఉంది, సరే, నాకేముంది మధ్యలో? మంచిదాన్ననిపించుకోవాలని ఒట్లు మోసుకుంటూ కూర్చున్నాను. అతను అక్కడ గోడకి చేరగిలబడి, ఇంకా తడిగా ఉన్న టీ గిన్నెలు ఆరబెట్టుకుంటూ ఉంటాడు. ఆమె బస్సులో అద్దానికి తల ఆనించి ఉంటుంది. వాళ్ళ మధ్య నూట పది కిలోమీటర్లు, రెండు వందలు, మూడు వందలు, అలా పెరుగుతూ పోతుంది. పర్మిట్ వెనక్కి తిప్పాను. కింద ఒక గడి ఉంటుంది, ఆపద వస్తే చెప్పడానికి ఫోను నంబరు అని.

ఆరింటికి ఐదు నిమిషాలుందనగా ఆ నంబరుకి కొట్టాను. ఉల్జాన్ తీసింది. వదిననే, నోరు మూసుకుని విను, నేను చెప్పేదాకా మాట్లాడకు, పెట్టెయ్యకు అన్నాను. ఫోను గొంతు పెద్దది చేసి సెట్టు పక్కన పెట్టాను. బల్ల మీది రొట్టె తీసి సొరుగులో వేసి మూసేశాను.

ఒకటో చౌకీ చెప్పింది, రెండోది చెప్పింది. మూడో చౌకీని పిలిచాను. అతిథులు వెళ్ళిపోయారు వదినా, వాగు ఆరింది, గాడిదలు ఓ ఇరవై అన్నాడు. ఇక కట్టేస్తాడు. నేను బటన్ నొక్కాను. ఒంటె మరిదీ, కట్టకు, మే నెల రాకుండానే ఆ మాంసం ఎందుకు దింపావు అని అడిగాను. నలుగురూ వింటున్నారని నాకు తెలుసు, అతనికీ తెలుసు. వదిలాను.

"ఆకలితో ఉన్నారు వదినా, ఇంటికొచ్చినవాళ్ళు. ఇంకోటి, వచ్చే చలికాలం నేనిక్కడ ఉండను. కళ్ళు పోయాయి. ఎదురుగా ఉన్నది మనిషో గుంజో తెలియట్లేదు. ఆఫీసుకి నువ్వే చెప్పెయ్. ఇంకెవరి కోసం వేలాడదియ్యాలి?"

బస్సు చప్పుడు ఫోనులోంచి సన్నగా వస్తోంది. నేను బటన్ నొక్కేలోపే అతను మళ్ళీ అందుకున్నాడు. అంత పొడుగు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పెట్టానే గానీ నిన్నటి నుంచి నాకు కుదురు లేదు వదినా. ఉల్జాన్ వాటా అది. పంతొమ్మిదేళ్ళు దానికని తీసి, ఆఖరుది పరాయివాళ్ళకి పెట్టేశాను. రేపు అదొస్తే దాని ముందు ఏం పెట్టను?"

అప్పుడు చెప్పాను.

"తిన్నది పరాయివాళ్ళు కాదు అబ్బాయ్. నీ పళ్ళెంలోంచి రొమ్ము ముక్క తిన్నది ఉల్జానే. మూడు రోజులూ నీ ఇంట్లో ఉన్నది అదే."

వదిలాను. గరగర. బ్యాటరీ పోయిందేమో అనుకున్నాను. ఒకటో చౌకీ గానీ, రెండోది గానీ, నాలుగోది గానీ ఒక్క మాట అడ్డం రాలేదు. ఎంతసేపటికో అతని గొంతు వచ్చింది, చిన్నగా.

"ఎక్కడ కూర్చుంది?"

ఫోను ఎత్తి సెట్టుకి ఆనించి బటన్ నొక్కాను. చెప్పమని అనలేదు, ఉల్జానే చెప్పింది.

"తలుపు దగ్గర అన్నయ్యా. సమవార్ పక్కన. నా చోట్లోనే."

వేలు వదలడానికి భయం వేసింది. వదిలాను.

"అక్కడ చలిగాలి కొడుతుంది కదే," అన్నాడు ఒరాజ్‌బెక్. "చిన్నప్పుడూ చెబితే వినేదానివి కాదు. లోపలికి జరిగి కూర్చోవాల్సింది."

నేను మళ్ళీ బటన్ నొక్కి పట్టుకున్నాను, ఆమె జవాబు చెప్పాలని. ఫోనులోంచి ఏడుపు వచ్చింది, దాని వెనక బస్సు చప్పుడు. ఆ తర్వాత, బస్సు ఆపండి అని ఆమె డ్రైవరుతో అనడం వినిపించింది. నేను వేలు తియ్యలేదు. నాలుగు చౌకీలూ అదే విన్నాయి.